కెనడా కథారచయిత్రి లూసీ మాడ్ మాంట్‌గోమరీ

గ్రంథరచనకు విద్యయు తీరికయు నున్నచో చాలునని పలువురు తలంతురు. కాని, వ్రాత యింకను పండని దినములలో నలుగురి కంటబడకుండ నోడి, మరల యత్నించుటకు స్త్రీకి కొంచెము చాటు కూడ కావలయును. ఈ సంగతి కెనడా దేశపు ప్రసిద్ధ నవలారచయిత్రి లూసీ మాడ్ మాంట్‌గోమరీ జీవితమున స్పష్టముగా గానవచ్చుచున్నది.

ఈమె 1874వ సంవత్సరము నవంబరు 30వ తేదీని, కెనడాకు తూర్పున సముద్రమధ్యమందున్న ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో జన్మించెను. రెండేండ్లైన నిండకమునుపే తల్లి క్షయవ్యాధిచే మరణించెను. తండ్రి బిడ్డను మాతామహుల కప్పగించి, కొంతకాలమునకు పశ్చిమప్రాంతమునకు బోయి యచటనే స్థిరపడెను. కేవెండిష్ గ్రామమున నా వృద్ధదంపతుల యిల్లే యూరి పోస్టాఫీసు. బాలికకు నదియే మేలయ్యెను. తాను వ్రాసిన వానిని పత్రికలకు బంపుటయు, అవి తిరిగివచ్చినపు డెవరికిని దెలియకుండ దాచుకొనుటయు సాధ్యమయ్యెను. ఊరివారు నవ్వుదురను భయ మామె కలమును నాపలేదు.

చార్లట్‌టౌన్ కళాశాలలో రెండేండ్ల చదువు నొక్క యేటనే ముగించి యామె యుపాధ్యాయిని యయ్యెను. 1895లో హాలిఫాక్సు నగరమునకు బోయి డల్‌హౌసీ కళాశాలలో నొక సంవత్సరము సాహిత్యము చదివెను. అచట నున్నపుడే రచనకు మొదటి ప్రతిఫలముగా ఐదు డాలర్లు వచ్చినవి. ఆ సొమ్ముతో నామె చీరెలు సారెలవంటివి కొనలేదు. కావ్యసంపుటము లైదు కొనితెచ్చుకొనెను. పిమ్మట బెల్మాంటు గ్రామపాఠశాలలో పనిచేయునపుడు, చలికాలమున ఆరుగంటలకే లేచి, పొయ్యి రాజుకొనని యింట దళసరి కోటు తొడిగి, కాళ్లు మడచి వానిపై గూర్చుండి, కొంకరలు పోవు వ్రేళ్లతో వ్రాసెడిది.

1898లో తాత మరణింపగా, అవ్వకు తోడుగా నుండుటకై ఉద్యోగమును విడిచి యింటికి వచ్చెను. హాలిఫాక్సులో నొక పత్రికయందు కొన్నినెలలు పనిచేయుట తప్ప, 1911 వరకు వంటయు, ఇంటిపనియు, పోస్టాఫీసు పనియు జూచుకొనుచునే వ్రాయుచుండెను. అనాథబాలుని బెంచుకొనగోరిన యన్నాచెల్లెండ్ర యింటికి పొరబాటున నొక బాలిక వచ్చుట యను కథతో ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’ అను నవల నిట్లే రచించెను. పలువురు ప్రకాశకులు దానిని త్రిప్పిపంపిరి. ఆమె యా ప్రతిని పాత టోపీల పెట్టెలో బడవైచెను. కొంతకాలమునకు దానిని మరల వెలికిదీసి చదువుకొని, ఇంకొకసారి పంపగా, 1908లో బోస్టను నగరమున నచ్చయ్యెను. కీర్తి దేశదేశముల వ్యాపించెను.

వివాహము మాత్రము వేచియుండెను. 1906లో నిశ్చయమైనను, అవ్వను విడువనొల్లక, ఆమె మరణించిన పిమ్మట 1911లో ఇవాన్ మాక్డొనాల్డు అను పాదిరిని పెండ్లియాడి యంటారియో రాష్ట్రమునకు గాపురము వెళ్లెను. రెండవ కుమారుడు 1914లో పుట్టుకతోనే మరణించెను. 1919 నుండి భర్తను మనోవ్యాధి తీవ్రముగా బాధించెను. ప్రకాశకులతో వ్యాజ్యము లనేక సంవత్సరములు సాగెను. 1919లో హక్కుల నమ్మివైచినందున, తన నవలపై వచ్చిన చలనచిత్రముల వలన నామెకు గవ్వయు ముట్టలేదు. అయినను పాదిరిగారి భార్యగా సంఘమున చిరునవ్వుతోనే మెలగి, భర్త వ్యాధిని పరులకు దెలియనీయక, ఇరువదికి పైగా గ్రంథములు ప్రకటించి, 1942లో టొరాంటోలో మరణించెను. 1985 నుండి యామె దినచర్యలు ప్రకటితములైన పిమ్మట గాని, అంతటి సంతోషమును బంచిన కలము వెనుక నెంతటి దుఃఖమున్నదో పాఠకులకు దెలియలేదు.

సోదరీమణులారా! బాల్యమున నామెను గాపాడిన చాటే నడివయస్సున భారమయ్యెను గదా. అపజయమును దాచుకొనుట యొకటి, దుఃఖమును దాచుకొనుట మరియొకటి. మన యింట నొక బాలిక తాను వ్రాసిన కాగితమును దాచుకొన్నచో, బలవంతముగా లాగికొని చదువవలదు. కాని యిల్లాలు తన దుఃఖమును దాచుకొన్నచో, దరిజేరి, కూర్చుండి, తప్పక యడుగవలయును.