పాత అంబాసిడర్‌కు వెనక డిస్క్ బ్రేకులా? ఘాట్ ఎక్కే ముందు ఇవి చూసుకోండి

గిద్దలూరు నుంచి దిగువమెట్ట, పచ్చర్ల మీదుగా నంద్యాల వెళ్లాలన్నా, మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లాలన్నా నల్లమల ఘాట్ తప్పదు. కొత్త కార్లకు అదో లెక్క కాదు. కానీ నాన్న కొన్న అంబాసిడర్‌ను అమ్మబుద్ధి కాక, పెళ్లిళ్లకీ పండగలకీ బయటికి తీసేవాళ్లు మాత్రం షెడ్డులో ఒక మాట అడుగుతుంటారు: వెనక చక్రాలకు డిస్కులు వేయిస్తే బండి బాగా ఆగుతుందా?

వేయించొచ్చు. కానీ వెనక ఒక్కటే మార్చి ఊరుకుంటే లాభం కంటే ప్రమాదమే ఎక్కువ.

డ్రమ్ముకు ఇబ్బంది ఎక్కడ?

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే వరకు తయారైన అంబాసిడర్‌లో పాత మోడళ్లకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ముందు చక్రాలకు డిస్కులు తర్వాతి మోడళ్లలో వచ్చాయి.

మనుషులతో కలిపి 1,500 కిలోల బరువున్న కారు 100 మీటర్ల ఎత్తు నుంచి దిగుతోందనుకుందాం. ఆ బరువునంతా బ్రేకులే ఆపితే, పుట్టే వేడి నాలుగున్నర లీటర్ల నీళ్లను మరిగే దాకా తెస్తుంది. డ్రమ్ము మూసి ఉంటుంది కాబట్టి ఆ వేడి త్వరగా బయటికి పోదు. డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూకి దూరమవుతుంది, లైనర్ పట్టు తగ్గుతుంది, పెడల్ కిందికి పోతుంది. డిస్కుకు గాలి తగులుతుంది కాబట్టి త్వరగా చల్లారుతుంది.

మరి వెనక వేయిస్తే తప్పేంటి?

బ్రేకు తొక్కగానే కారు బరువు ముందుకు వాలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అందుకే ఆపే పని ఎక్కువగా ముందు బ్రేకులదే. వెనక డిస్కు క్యాలిపర్ పిస్టన్ మరీ పెద్దదైతే, తేలికైన ఆ చక్రాలు ముందే బిగుసుకుపోతాయి. మలుపులో అలా జరిగితే బండి అడ్డం తిరుగుతుంది. పిస్టన్ చిన్నదైతే ఇంకో నష్టం. డ్రమ్ములో చక్రం తిరుగుడే ఒక షూని లోపలికి లాగి పట్టు పెంచుతుంది. డిస్కులో ఆ సాయం లేదు, కాలితో ఇంకా గట్టిగా తొక్కాలి. కాబట్టి బూస్టర్ ఉండాలి.

కిట్‌తో పాటు ఏమేం చూడాలి?

వెనక యాక్సిల్ షాఫ్ట్ లాగి, డ్రమ్ము వెనక ప్లేటు విప్పి, ఆ చోట క్యాలిపర్ బ్రాకెట్ బిగించాలి. బ్రాకెట్ మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ప్యాడ్లు ఒకవైపే అరుగుతాయి. షాఫ్ట్ తీసినప్పుడే ఆయిల్ సీలు కొత్తది వేయించాలి. హౌసింగ్ ఆయిల్ కారి ప్యాడ్ల మీద పడితే కొత్త డిస్కూ పట్టదు.

క్యాలిపర్‌కు బ్రేక్ ఆయిల్ ఎక్కువ కావాలి, పాత మాస్టర్ సిలిండర్ సరిపోకపోవచ్చు. డ్రమ్ముల కోసం లైన్‌లో కొంచెం ఒత్తిడి నిలిపే వాల్వు ఉంటే తీసేయాలి, లేకపోతే ప్యాడ్లు డిస్కును వదలవు. వెనక ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు తప్పనిసరి.

చాలామంది మర్చిపోయేది హ్యాండ్ బ్రేకు. అంబాసిడర్‌లో అది పనిచేసేది వెనక డ్రమ్ముల మీదే. డ్రమ్ము తీసేస్తే అదీ పోతుంది. కేబుల్ లివర్ ఉన్న క్యాలిపర్ కాకపోతే ఘాట్‌లో బండి ఆపి దిగడం కూడా కష్టమే.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. బ్రేకులు ఆర్‌సీలో కనిపించవు కదా అని ధీమాగా ఉండొద్దు. పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలోనూ ఇన్సూరెన్స్ కంపెనీలోనూ రాతపూర్వకంగా అడగడం మంచిది. బండికి 50 ఏళ్లు దాటి, వింటేజ్ రిజిస్ట్రేషన్ ఆలోచన ఉంటే ఇంకా జాగ్రత్త. 2021 నిబంధనలు వాహనం అసలు రూపంలో ఉండాలంటున్నాయి.

డబ్బు ముందు దేనికి పెట్టాలి?

మొదట ఉన్న బ్రేకులనే బాగు చేయించాలి: కొత్త లైనర్లు, వీల్ సిలిండర్ కిట్లు, రబ్బరు హోస్‌లు, డ్రమ్ము అరిగితే లేత్ పని, రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్. పాత ఆయిల్ తేమ పీల్చుకుంటుంది. వేడికి ఆ తేమ ఆవిరై పెడల్ మెత్తబడుతుంది. తర్వాత కూడా డిస్కులు కావాలనిపిస్తే ముందు చక్రాలకు, బూస్టర్‌తో సహా వేయించాలి. వెనక డిస్కుల వంతు ఆ తర్వాతే.

ఏ బ్రేకులున్నా ఘాట్ దిగేటప్పుడు ఇంజన్ ఆపొద్దు, న్యూట్రల్‌లో వదలొద్దు. ఎక్కిన గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాట డిస్కులకూ వర్తిస్తుంది.