కొత్త చర్మానికి ఆగమని ఎవరు చెబుతారు?

“తాతయ్యా, మోకాలు చెక్కుకుపోతే కొత్త చర్మం వస్తుంది కదా, ఇక చాలు ఆగమని దానికెవరు చెబుతారు?” అనడిగావు. మంచి ప్రశ్నే వేశావమ్మడూ!

కణాలే ఒకదానికొకటి చెప్పుకుంటాయి. దెబ్బ తగిలిన చోట రక్తంలోని ప్లేట్‌లెట్లు ‘పెరగండి’ అని రసాయనాలు వదులుతాయి. గాయం అంచునున్న కణం ఆ కబురు అందుకోగానే లోపల కైనేజ్ అనే ఎంజైములు పనిలోకి దిగుతాయి. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి ఇంకో ప్రోటీన్‌కి అంటిస్తాయి, పసిబిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెట్టినట్టు. చుక్క పడితే ఆ ప్రోటీన్ నడత మారిపోతుంది. చెరిపేసే ఎంజైములూ ఉన్నాయిలే. అలా కబురు సాగి కణాలు కదులుతాయి, ఒకటి రెండవుతుంది. పక్క కణం తగిలితే దాన్ని పట్టుకుని ఆగుతాయి. ప్రయోగశాల పళ్లెంలోనూ అంతే: అడుగుకి అతుక్కుని, ఒక్క పొరగా నిండి, ఆగిపోతాయి. పట్టు తప్పితే మామూలు కణం చచ్చిపోతుంది. క్యాన్సర్ కణానికి మాత్రం పట్టూ అక్కర్లేదు, ఆగడమూ తెలీదు.

ఆ ఏటీపీ సంగతి తేల్చినవారిలో ఒకరు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రకటించారు. నమూనాకి మాలిబ్డేట్, ఇంకో రసాయనం కలిపితే నీలం రంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఆ నీలాన్ని పట్టుకుని వెళితేనే కండరంలో 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని పట్టుకున్నాడు.

తర్వాత అమెరికాలోనే లెడర్లీ సంస్థలో సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది లేకపోతే కణం డీఎన్ఏ చేసుకోలేదు, రెండు కాలేదు. మరి దాన్నే పోలిన నకిలీని ఇస్తే? క్యాన్సర్ కణం పెరుగుదలకి అడ్డం పడుతుంది. అలాంటి అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చారు. కొందరికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. ఆ ఏడే సుబ్బారావుగారు పోయారు.

కీళ్లవాతానికి మీ మామ్మ వేసుకునే మెథోట్రెక్సేట్ కూడా ఆ కోవలోదే. ఆ మందు వల్ల వచ్చే ఇబ్బందులు తగ్గడానికి వేరే రోజున ఫోలిక్ ఆమ్లం వేసుకోమన్నారు డాక్టరుగారు. అడ్డుకునే మందూ, ఆదుకునే మందూ ఒకే బృందం చలవే! అన్నట్టు, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. అందుకే ఆ డబ్బా మీద ‘మంగళవారం మాత్రమే’ అని పెద్దక్షరాలతో రాశాను. మామ్మ మర్చిపోతే నువ్వు గుర్తుచెయ్యాలి, సరేనా?