కంప్యూటర్ మేలుకోకపోతే...

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ ఇంట్లో బీరువా తాళంచెవి పోయిందనుకోండి. లోపలున్న బట్టలు కూడా పోయినట్లేనా? “అదేం ప్రశ్న సార్, బట్టలెక్కడికి పోతాయి?” అని మీరు నవ్వుతారు. కాని కంప్యూటర్ తెరుచుకోని రోజున పెద్దవాళ్ళు కూడా “అయ్యో, అన్నీ పోయాయి!” అని తల పట్టుకుంటారు. నేనూ ఒకసారి అలాగే పట్టుకున్నాను.

మా బడి పల్నాడులో ఒక పల్లెటూళ్ళో ఉంది. అక్కడ నలుగురు పిల్లలు ఎనిమిది, తొమ్మిది తరగతులు చదివిన రెండేళ్ళూ ఒక పని పట్టుదలగా చేశారు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలకు వరండాలోని ఉష్ణమాపకం చూసేవారు. సాయంత్రం పక్కనున్న బావిలోకి తాడు వదిలి నీటిమట్టం కొలిచేవారు. ఆ అంకెలను బడిలోని కంప్యూటర్‌లో ఎక్కించేవారు. రెంటచింతల ఎండల సంగతి మీరు వినే ఉంటారు. వేసవిలో 45 డిగ్రీలు దాటడం మా ప్రాంతానికి కొత్త కాదు. ఆ ఎండకూ బావిలో నీటికీ ఉన్న లంకె ఏమిటో వైజ్ఞానిక ప్రదర్శనలో చూపాలని వాళ్ళ ఆశ.

ప్రదర్శన ఇంకా నాలుగు రోజులుందనగా, ఒక సాయంత్రం కంప్యూటర్ పనిచేస్తుండగానే కరెంటు పోయింది. మర్నాడు మీట నొక్కితే దీపం వెలిగింది, లోపల ఫ్యాను తిరిగింది. నల్లని తెరమీద రెండు ఇంగ్లీషు వాక్యాలు వచ్చి అక్కడే నిలిచిపోయాయి.

బాగుచేసే అతను వచ్చి చూసి, “ఫార్మాట్ చేసి మళ్ళీ వేస్తే గంటలో అయిపోతుంది సార్” అన్నాడు. నేను సరేనని తల ఊపబోయాను. అంతలో ఆ నలుగురిలో ఒక అమ్మాయి, “సార్, ఫార్మాట్ చేస్తే మా లెక్కలుంటాయా?” అని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్నే రెండేళ్ళ శ్రమను కాపాడింది. అదెలాగో తెలియాలంటే, కంప్యూటర్ నిద్ర లేచేటప్పుడు ఏం జరుగుతుందో ముందు తెలుసుకోవాలి.

నిద్ర లేచే క్రమం

కంప్యూటర్‌లో రెండు రకాల జ్ఞాపకం ఉంటుంది. ఒకటి ర్యామ్. ఇది మన తరగతి గదిలోని నల్లబల్ల వంటిది. పని జరుగుతున్నంతసేపే రాత ఉంటుంది. కరెంటు పోతే చెరిగిపోతుంది. రెండోది హార్డ్ డిస్క్. ఇది నోటుపుస్తకం వంటిది. ఇందులో సమాచారం అయస్కాంత గుర్తుల రూపంలో ఉంటుంది. కరెంటు ఉన్నా లేకున్నా ఆ గుర్తులు నిలిచే ఉంటాయి.

మీట నొక్కగానే మొదట పవర్ సప్లై పెట్టె పని మొదలుపెడుతుంది. గోడలోనుంచి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. తర్వాత ప్రాసెసర్ మదర్‌బోర్డు మీదనున్న ఒక చిన్న చిప్ దగ్గరకు వెళుతుంది. మొట్టమొదట చేయవలసిన పనులు అందులో రాసి ఉంటాయి. ఆ ప్రకారం ర్యామ్ ఉందా, కీబోర్డు ఉందా, తెర ఉందా అని హాజరు పిలుస్తుంది. అందరూ పలికితే డిస్క్‌ను వెతికి, అందులోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను ర్యామ్‌లోకి తెచ్చుకుంటుంది. అప్పుడు మనకు తెలిసిన బొమ్మల తెర కనిపిస్తుంది.

ఈ క్రమానికే ‘బూట్’ అని పేరు. పాశ్చాత్యుల బూట్లకు వెనుక పట్టుకు లాగే చిన్న పట్టీ ఉంటుంది. తన బూట్ల పట్టీలు పట్టుకొని తననే తాను పైకెత్తుకోవడం ఎవరికీ సాధ్యం కాదు కదా! కంప్యూటర్ మాత్రం తన కార్యక్రమాన్ని తానే లోపలికి తెచ్చుకుంటుంది. అందుకే ఆ పేరు వచ్చింది.

ఎక్కడ ఆగింది?

పొలంలో మోటారు తిరగకపోతే మీ నాన్నగారు వెంటనే మోటారు విప్పుతారా? విప్పరు. ముందు కరెంటుందా అని చూస్తారు. తర్వాత ఫ్యూజు, స్టార్టరు, తీగలు. చివరికి మోటారు. కంప్యూటర్‌కూ ఇదే పద్ధతి.

దీపమే వెలగకపోతే లోపం కరెంటులోనో, తీగలోనో, పవర్ సప్లైలోనో ఉంటుంది. ఫ్యాను తిరిగి తెర నల్లగా ఉంటే, లేదా ‘బీప్’ అని చప్పుళ్ళు వస్తే, ర్యామ్ పట్టు వదిలి ఉండవచ్చు. ఏ చప్పుడుకు ఏ అర్థమో కంపెనీని బట్టి మారుతుంది. కంప్యూటర్‌తో ఇచ్చిన పుస్తకం చూడాలి. తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కిపోతే, మదర్‌బోర్డు మీదనున్న 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ అయిపోయిందన్నమాట. ఎవరో మరిచిపోయిన పెన్ డ్రైవ్‌ను డిస్క్ అనుకొని కంప్యూటర్ అక్కడే ఆగిపోవడం కూడా ఉంది!

ఇలా అంచెలంచెలుగా వెతకడం చిన్న పని కాదు. 1977లో బయలుదేరిన వాయేజర్-1 నౌక 2023 నవంబరులో అర్థంలేని సంకేతాలు పంపసాగింది. అప్పటికి అది సుమారు 2400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇక్కడినుంచి ఒక ఆజ్ఞ అక్కడికి చేరడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు రావడానికి మరో ఇరవై రెండున్నర గంటలు. నాసా ఇంజనీర్లు నౌకలోని మెమరీని తెప్పించుకొని చదివి, ఒక చిప్ చెడిపోయిందని కనుక్కున్నారు. అందులోని కార్యక్రమాన్ని ముక్కలుగా వేరే చోట్ల సర్దారు. 2024 ఏప్రిల్‌లో అర్థమయ్యే సమాచారం మళ్ళీ వచ్చింది. కంగారు పడకుండా వెతికితే అంత దూరాన్నుంచే బాగుచేయవచ్చు. మన ముందున్న పెట్టె ఎంత?

మా కంప్యూటర్‌లో దీపం వెలిగింది, తెర పలికింది. సెటప్ పేజీలో చూస్తే డిస్క్ పేరు కనిపించింది. వింత చప్పుడేమీ లేదు. అంటే డిస్క్ బతికే ఉంది. కరెంటు హఠాత్తుగా పోవడంవల్ల ఆపరేటింగ్ సిస్టమ్ దెబ్బతిన్నదన్నమాట.

ముందు సొత్తు, తర్వాత మరమ్మతు

మాచర్ల దగ్గరి అనుపును చూశారా? నాగార్జునసాగర్ ఆనకట్ట కడితే నాగార్జునకొండ లోయ నీట మునుగుతుంది. అందుకని 1954 నుంచి 1960 వరకు పురావస్తు శాఖవారు ఆ లోయలో తవ్వకాలు జరిపారు. దొరికినవాటిని కొలిచి, బొమ్మలు గీసి, కొన్ని కట్టడాలను కొండమీదికీ అనుపుకూ తరలించి తిరిగి నిలబెట్టారు. ఆ తర్వాతే నీళ్ళు వచ్చాయి. వరస తారుమారై ఉంటే ఇక్ష్వాకుల నాటి ఆ విహారాలు మనకు మిగిలేవా?

ఫార్మాట్ చేయడమంటే లోయలోకి నీళ్ళు వదలడమే. అందుకే మేము ముందు సొత్తును బయటికి తేవాలనుకున్నాం.

ఇంకో కంప్యూటర్ మీద ఒక పెన్ డ్రైవ్‌లో లినక్స్ ఎక్కించాం. ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టిన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఇది. డిస్క్ జోలికి పోకుండా పెన్ డ్రైవ్ నుంచే నడవడం దీని సుగుణం. పెన్ డ్రైవ్ పెట్టి, ముందు దానినే వెతకమని సెటప్ పేజీలో చెప్పాం. తెర వెలిగింది. పాత డిస్క్ ఒక బొమ్మగా కనిపించింది. తెరిస్తే పిల్లల ఫైలు అక్కడే ఉంది! దాన్ని రెండు వేర్వేరు చోట్ల నకలు తీశాకనే ఫార్మాట్‌కు ఒప్పుకున్నాం.

డిస్క్‌కు తాళం వేసి ఉంటే మాత్రం ఈ ఉపాయం చాలదు. ఆ తాళపు సంఖ్య కూడా కావాలి. కాబట్టి దాన్ని ముందే కాగితం మీద రాసి దాచుకోవాలి.

ఇవి మాత్రం చేయకండి

డిస్క్ ‘టక్ టక్’మని కొట్టుకుంటుంటే వెంటనే ఆపేయండి. మళ్ళీ మళ్ళీ మీట నొక్కితే గాయం పెరుగుతుంది. మూత విప్పి చూడకండి. ఎందుకో ఒక లెక్క చేద్దాం. మామూలు డిస్క్ పళ్ళెం నిమిషానికి 7200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. దాని వ్యాసం సుమారు 9.5 సెంటీమీటర్లు. అంచు వేగం గంటకు దాదాపు 129 కిలోమీటర్లు! మీరూ కట్టి చూడండి. ఆ వేగంలో చదివే ముల్లు పళ్ళెం మీద పది నానోమీటర్లకన్నా తక్కువ ఎత్తులో ఎగురుతుంది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల ధూళిలో ఒక మైక్రాన్ రేణువు 1000 నానోమీటర్లు. ఆ ముల్లుకు అది రోడ్డుకడ్డంగా పడిన బండరాయి వంటిది. అలాంటి డిస్క్‌ను దుమ్ములేని ప్రత్యేక గదులున్న నిపుణులకే ఇవ్వాలి.

పవర్ సప్లై పెట్టెను ఎన్నడూ విప్పకండి. తీగ పీకినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఏ మూత తీయాలన్నా పెద్దవాళ్ళు పక్కన ఉండాలి, ప్లగ్గు ఊడదీసి ఉండాలి.

ఖాళీ గళ్ళు

మా పిల్లల లెక్కల్లో చివరి పదకొండు రోజులవి దొరకలేదు. వాటిని ఒకే ఒక్క పెన్ డ్రైవ్‌లో ఉంచారు, అదెక్కడో పోయింది. “అటూ ఇటూ చూసి అంకెలు వేసేద్దామా సార్?” అని ఒక అబ్బాయి అడిగాడు. వద్దన్నది నేను కాదు, ఆ అమ్మాయే. “చూడనిది ఎలా రాస్తాం?” అంది. ప్రదర్శనలో ఆ పదకొండు గళ్ళూ ఖాళీగానే ఉంచి, కారణం కింద రాశారు.

ఇప్పుడు మా బడిలో ఒక నియమం ఉంది. ముఖ్యమైన దేనికైనా మూడు ప్రతులు. అవి రెండు రకాల వస్తువుల మీద ఉండాలి. ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. ప్రతి శనివారం ఆఖరి పీరియడ్‌లో నకలు తీస్తాం. నెలకొకసారి ఆ నకలు తెరుచుకుంటోందో లేదో కూడా చూస్తాం.

మరి మీరు? మీ దగ్గర ఒక్కచోటే ఉన్న, పోతే మళ్ళీ రానిది ఏముందో ఈరోజు ఆలోచించండి. తాతయ్య ఫోటోనా, అమ్మ గొంతుతో పాడిన పాటా, మీ సైన్సు ప్రాజెక్టా? ఈ పత్రిక మూసే ముందే దానికి రెండో ప్రతి తీయండి.