సూది వేస్తే చూడి కట్టినట్టేనా?

పశువు ఎదకొస్తే కన్నడ డాక్టరు ‘బెదె’ అంటాడు. రాయచూరు జిల్లా సింధనూరు, మాన్వి తాలూకాల్లో తుంగభద్ర ఎడమ కాలువ కింద స్థిరపడిన మన తెలుగు క్యాంపుల్లో ‘ఎద’ అంటారు. అక్కడ పేచీ లేదు. పేచీ అంతా ‘సూది’ దగ్గరే. ఎదకు రప్పించే హార్మోను మందూ సూదే, గర్భసంచిలో వీర్యం వేయించడమూ సూదే. ‘మూడు సూదులు వేయించాం, గేదె కట్టలేదండీ’ అని ఎవరైనా అంటే, అందులో ఏది ఏదో తేల్చుకోవడానికే పది నిమిషాలు పడుతుంది.

అపోహ: ఎద సూది పడితే చూడి కట్టినట్టే.

వాస్తవం: ఆ మందు వేళ కుదురుస్తుంది, అంతే. నాలుగైదు పశువులను ఒకేసారి ఎదకు తెస్తే, వీర్యం ఉన్న నత్రజని డబ్బా మోసుకొచ్చే మనిషి ఒక్క రాకతో అన్నిటికీ వీర్యం వేసి వెళ్తాడు. లాభం అక్కడుంది. అంతా సవ్యంగా జరిగినా తొలిసారికి పదింటిలో మూడో నాలుగో కడతాయి. మిగతావి 21 రోజులకు మళ్లీ పొర్లితే మందును తిట్టక్కర్లేదు.

అపోహ: ఏ రోజు వేసినా మూడో రోజుకు ఎద ఖాయం.

వాస్తవం: తగాదాలన్నీ ఇక్కడే పుడతాయి. ఎద అయిపోయాక అండం విడుదలైన చోట కార్పస్ లూటియం అనే చిన్న గడ్డ తయారవుతుంది. అది ఉన్నన్నాళ్లూ తర్వాతి ఎద రాదు. ప్రోస్టాగ్లాండిన్ సూది ఆ గడ్డను కరిగిస్తుంది. గడ్డ లేనప్పుడు, లేదా ఇంకా లేతగా ఉన్న మొదటి ఐదు రోజుల్లో వేస్తే డబ్బు దండగ. అందుకే 11 నుంచి 14 రోజులకు రెండోది వేస్తారు. అప్పుడు కూడా ఎద రెండు నుంచి ఐదు రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు.

ఎద కోసం కాపు కాయలేనివాళ్లకు ఇంకో పద్ధతి ఉంది. సోమవారం పొద్దున 8 గంటలకు జీఎన్ఆర్‌హెచ్ (అండాన్ని విడుదల చేయించే హార్మోను), మరుసటి సోమవారం అదే వేళకు ప్రోస్టాగ్లాండిన్, బుధవారం సాయంత్రం 4కి మళ్లీ జీఎన్ఆర్‌హెచ్, గురువారం పొద్దున 8కి వీర్యం. గోడ క్యాలెండరు మీద నాలుగు సున్నాలు చుట్టుకోవాలి. బుధవారం సాయంత్రం నాట్ల హడావిడిలో మరిచిపోతే లెక్కంతా తప్పుతుంది.

ఇంకో మాట. కడుపును నిలబెట్టేది కూడా ఆ గడ్డే. చెయ్యి పెట్టి చూడి లేదని తేల్చుకోకుండా ప్రోస్టాగ్లాండిన్ వేస్తే ఉన్న దూడ పోతుంది.

అపోహ: ఎండాకాలం గేదె ఎదకు రాదు.

వాస్తవం: చాలావాటికి వస్తుంది, చెప్పదు. మూగ ఎద అనేది దాన్నే. ఆవైతే తోటి ఆవు మీదికెక్కినా కదలకుండా నిలబడుతుంది. రాయచూరు ఎండకు సొమ్మసిల్లిన ముర్రా గేదె దగ్గర ఆ సంబరం చూడలేం. తెల్లారుజామున అది లేచిన చోటు చూడండి. నేల మీద గాజులా మెరిసే తీగ కనపడితే సాయంత్రానికల్లా వీర్యం వేయించాలి.

అపోహ: బక్క గొడ్డుకు ఈ సూదే మందు.

వాస్తవం: కాదు. క్యాంపుల్లో వరిగడ్డి వాములకు కొదవ లేదు కానీ అందులో మాంసకృత్తులు తక్కువ, భాస్వరం తక్కువ. పచ్చిమేత, దాణా, ఖనిజ మిశ్రమం లేక అండాశయాలు నిద్రపోతే ప్రోస్టాగ్లాండిన్‌కు కరిగించడానికి అక్కడ గడ్డే ఉండదు. ఈని రెండు నెలలైనా దాటాలి, ఒంట్లో కాస్త కండ పట్టాలి.

అపోహ: హార్మోను వేసిన గేదె పాలు తాగకూడదు.

వాస్తవం: పాలు చేపడానికి దొంగచాటుగా పొడిచే ఆక్సిటోసిన్‌తో దీన్ని కలిపేస్తున్నారు. ఇది వేరు, పశువు ఒంట్లో సహజంగా ఊరే ప్రోస్టాగ్లాండిన్ లాంటిదే. పాల విషయంలో సీసా మీద రాసిన గడువు పాటిస్తే చాలు. నిజానికి భయపడాల్సింది పాలు తాగేవాళ్లు కాదు, సీసా పట్టుకునేవాళ్లు. ప్రోస్టాగ్లాండిన్ చర్మం గుండా లోపలికి దిగుతుంది. గర్భిణులూ ఉబ్బసం ఉన్నవాళ్లూ దాన్ని ముట్టుకోకూడదు. ఖాళీ సీసాను గూట్లో పిల్లలకు అందేలా పెట్టకూడదు.