షాఫ్టు విప్పితే.. జీపు ఆగదు!

సొంత మరమ్మతుల్లో పొరపాట్లు.. ప్రాణాలకే ముప్పు

పాడేరు: మన్యంలో జీపు ఒక కుటుంబానికి బతుకుతెరువు. వారపు సంతలకు జనాన్ని, సరకును చేరవేసేది అదే. బొర్రా వైపు నుంచి కటికి జలపాతానికి పర్యాటకులను తీసుకెళ్లేదీ అదే. రాళ్ల దారుల్లో, గెడ్డల్లో నిత్యం తిరిగే బండికి గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ప్రొపెల్లర్ షాఫ్టులు, ముందు వెనుక హౌసింగులు అరిగిపోవడం సహజం. షెడ్డులో పెడితే ఆ రోజు సంపాదన పోయినట్లే. దీంతో యజమానులే స్పానర్లు పట్టుకుని బండి కిందకు దూరుతున్నారు. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయితే విప్పడానికి ముందు తెలుసుకోవలసిన నాలుగు సంగతులు తెలియకపోతే కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే అవుతుంది.

బ్రేకు ఉన్నా లేనట్లే

అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు స్పానరు పట్టక ముందే జరుగుతుంది. బండిని గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, ఇక కదలదన్న ధీమాతో షాఫ్టు బోల్టులు విప్పడం మొదలుపెడతారు. గేరులో ఉన్న బండిని పట్టి ఉంచేది ఇంజిను. ఆ పట్టు చక్రాలకు చేరేది షాఫ్టు ద్వారానే. చివరి బోల్టు ఊడిన క్షణాన ఆ బంధం తెగిపోతుంది.

మరి హ్యాండ్ బ్రేకు మాటేమిటి? మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం ప్రారంభించింది. ఆ నమూనా పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు డ్రమ్ము వెనుక చక్రాల వద్ద ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, షాఫ్టు మొదట్లో ఉంటుంది. అది పట్టుకునేది షాఫ్టునే తప్ప చక్రాలను కాదు. షాఫ్టు విప్పితే బ్రేకును కూడా విప్పినట్లే. వాలు మీద నిలిపిన బండి కింద మనిషి ఉండగా ఇది జరిగితే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

షాఫ్టు జోలికి వెళ్లకపోయినా ఇలాంటి బండ్లలో మరో చిక్కు ఉంది. వెనుక చక్రం ఒక్కదాన్ని జాకీతో పైకి లేపితే హ్యాండ్ బ్రేకు పట్టు పోతుంది. షాఫ్టు కదలకున్నా డిఫరెన్షియల్ కారణంగా గాలిలో ఉన్న చక్రం ఒకవైపు, నేలపై ఉన్న చక్రం మరోవైపు తిరగగలవు. బండి జాకీ మీద నుంచి జారిపోవడానికి అంత చాలు. ట్రాన్స్‌ఫర్ కేసు లివరు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు గేరు వేసినా ఫలితం ఉండదన్నది కూడా చాలామంది మరచిపోయే విషయమే. అందువల్ల చదును నేల చూసుకుని, నేలపై ఉండే చక్రాలకు ముందూ వెనుకా గట్టి చెక్క దిమ్మలు అడ్డుపెట్టి, బండి బరువును స్టాండుల మీద నిలిపిన తర్వాతే కిందకు వెళ్లాలి. ఇటుకలు పనికిరావు. బరువుకు అవి ఒక్కసారిగా పగిలిపోతాయి.

గుర్తు పెట్టి విప్పాలి

షాఫ్టు రెండు ముక్కలుగా జారే చోట పళ్లు ఉంటాయి. విప్పేటప్పుడు గుర్తు పెట్టకుండా తిరిగి ఎలా పడితే అలా దూర్చితే రెండు చివరల యోకులు ఒకే వరసలో ఉండవు. వంపులో తిరిగే జాయింటు షాఫ్టు వేగాన్ని ప్రతి చుట్టులో రెండుసార్లు పెంచి తగ్గిస్తుంది. రెండో జాయింటు ఆ తేడాను సరిచేస్తుంది. వరస తప్పితే సరిచేయడం పోయి అదురు పెరుగుతుంది. కొత్త క్రాసు వేసినా బండి వణుకుతోందంటే ముందుగా చూడవలసింది ఇదే. విప్పక ముందే సున్నంతోనో పెయింటుతోనో ఒక గీత గీస్తే ఈ బాధే ఉండదు.

క్రాసు కప్పులను సుత్తితో దిగగొట్టడం మరో అలవాటు. లోపలి సూది బేరింగుల్లో ఒక్కటి అడ్డంగా పడినా కప్పు పూర్తిగా దిగదు, లాక్ క్లిప్పు గాడిలో కూర్చోదు. అప్పుడు మరింత బలంగా కొట్టడం కాదు, కప్పు బయటకు తీసి చూడాలి.

సీలు మార్చినా కారుతోందా?

హౌసింగ్ వద్ద నూనె కారితే సీలు మారుస్తారు. నెల తిరగకుండానే మళ్లీ కారుతుంది. నాసిరకం సీలు అని దుకాణదారుడిని తిట్టుకుంటారు. చాలాసార్లు అసలు దోషం హౌసింగ్ పైన ఉండే చిన్న గాలి గొట్టానిది. అది బురదతో మూసుకుపోతే వేడెక్కిన గాలికి దారి లేక నూనెను సీలు గుండా తోసేస్తుంది. కాగి ఉన్న హౌసింగ్ చల్లని గెడ్డ నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని నీటిని పీల్చుకుంటుంది. నూనె పాలలా తెల్లబడితే నీరు చేరిందని అర్థం. పైపైన నూనె పోస్తే సరిపోదు, మొత్తం మార్చాలి. మార్చేటప్పుడు కింది డ్రైను బిరడా కంటే ముందు నూనె పోసే బిరడా ఊడుతుందో లేదో చూసుకోవాలి. ఉన్న నూనె కారిపోయాక పై బిరడా తుప్పుతో బిగుసుకుపోయిందని తెలిస్తే బండి అక్కడే ఉండిపోతుంది. హౌసింగ్‌కు, గేరుబాక్సుకు ఒకే డబ్బా వాడటం కూడా సరికాదు. క్రౌను పళ్ల కోసం చేసిన కొన్ని నూనెలు గేరుబాక్సులోని ఇత్తడి రింగులకు హాని చేస్తాయి. ఏ భాగానికి ఏ గ్రేడో బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది.

పీనియన్ సీలు మార్చేటప్పుడు నట్టు విషయంలో మరీ జాగ్రత్త అవసరం. కొన్ని హౌసింగులలో ఆ నట్టు కింద ఒత్తిడికి నలిగే గొట్టం ఉంటుంది. బేరింగుల బిగువును నిర్ణయించేది అదే. పొడవాటి పైపు తగిలించి బలమంతా పెట్టి బిగిస్తే గొట్టం ఎక్కువగా నలిగి, బేరింగులు వేడెక్కి కొద్ది రోజుల్లోనే అరిచేస్తాయి. నట్టు వదులు చేసినా నలిగిన గొట్టం తిరిగి యథాస్థితికి రాదు, కొత్తది వేయవలసిందే.

ఇక ఫోర్ వీల్ లివరు పట్టేసిందని ట్రాన్స్‌ఫర్ కేసు విప్పే వారూ ఉన్నారు. తారు రోడ్డుపై ఫోర్ వీల్‌లోనే మలుపులు తిరిగితే ముందు, వెనుక చక్రాలు నడిచే దూరంలో తేడా వచ్చి షాఫ్టులు మెలిపడతాయి. ముందు కొత్త టైర్లు, వెనుక అరిగినవి ఉన్నా ఇదే పరిస్థితి. నాలుగు గజాలు తిన్నగా వెనక్కి నడిపితే చాలావరకు లివరు దానంతట అదే వదులుతుంది.

క్రౌను, పీనియన్ మార్పు మాత్రం ఇంటి దగ్గర పెట్టుకోదగిన పని కాదు. పళ్ల మధ్య ఉండవలసిన సందు మిల్లీమీటరులో పదో వంతు, రెండు వంతుల లెక్కలో ఉంటుంది. దాన్ని కొలిచే డయల్ గేజీ, పళ్లు ఎక్కడ ఆనుతున్నాయో చూసే రంగు, సరిదిద్దే పలుచని రేకులు ఉన్న షెడ్డుకే బండిని అప్పగించాలి.