ఊరి చివరి ఇంటికి తీగ చేరాలంటే



మేముండే బాగ్ లింగంపల్లిలో తెల్లవారకముందే వీధులు మేలుకుంటాయి. సంచి భుజాన వేసుకొని యౌవనస్థులు ప్రక్కనున్న అశోక్ నగర్ కోచింగ్ సెంటర్లకు, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు బయలుదేరుతారు. గ్రూప్స్ పరీక్షల కొరకు, పోలీసు ఉద్యోగముల కొరకు చదివే ఈ పిల్లలలో అనేకులు పల్లెల నుండి వచ్చినవారే. ఆదివారము మన మందిరములలో వెనుక వరుసలలో కూర్చుండేదీ వీరిలో కొందరే.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అటువంటి తమ్ముడొకడు కాపరిగారితో చెప్పిన మాట మేము విన్నాము. "అయ్యగారూ, మా ఊర్ల నెట్ మంచిగుంటే సగం సదువు ఇంటికాడనే అయితుండె. మా నాయిన మేకలు అమ్మకపోతుండె." దరఖాస్తు పెట్టాలన్నా, హాల్ టికెట్ తీసుకోవాలన్నా నేడు ఇంటర్నెట్టే దారి. ఆ దారి ఊరికి లేనప్పుడు తండ్రి ఉన్నది అమ్మి బిడ్డను పట్నమునకు పంపుతున్నాడు. ఇది ఒక్క ఇంటి కథ కాదు.

మరి ఊరికి తీగ ఎందుకు అందలేదు? ప్రభుత్వము ధనము కేటాయించలేదా? కేటాయించినది. దేశములోని సుమారు 2,50,000 గ్రామ పంచాయతీలకు ఫైబర్ కేబుల్ వేయాలని కేంద్ర ప్రభుత్వము 2011లోనే నిర్ణయించినది. భారత్ నెట్ అని మనము పిలిచేది దానినే. 2023 ఆగస్టులో ఈ పథకమును సవరించి 1,39,579 కోట్ల రూపాయలకు ఆమోదము తెలిపినది. ఈ పనికి ఆధారమైన నిధి టెలిఫోను కంపెనీల ఆదాయము నుండి వసూలు చేసినది. అనగా మనము కట్టే ఫోను బిల్లులోని వాటాయే.

తెలంగాణలో ఒక మంచి ఆలోచన చేశారు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ మంచినీటి పైపుల కొరకు త్రవ్విన కందకములలోనే టి-ఫైబర్ గొట్టములను కూడ పరచినారు. నేలను ఒక్కసారి త్రవ్వి రెండు పనులు చేయుటన్నమాట. 2024 డిసెంబరులో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్, నారాయణపేట జిల్లా మద్దూర్ వంటి నాలుగు గ్రామములలో ఇండ్లకు కనెక్షన్లు ఇచ్చే పని ప్రయోగముగా మొదలైనది. ఆంధ్రప్రదేశ్‌లోనైతే కరెంటు స్తంభముల మీదుగానే తీగను లాగినారు. అక్కడి ఫైబర్ నెట్‌ను 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు ప్రారంభించారు.

అయితే పెద్ద ధనము చేసే పని ఒక చోట ఆగుతుంది. పథకము తీగను పంచాయతీ కార్యాలయము వరకు తెస్తుంది. అక్కడి నుండి బడికి, ఆసుపత్రికి, ఇంటికి చేర్చవలసిన చివరి నాలుగు అడుగులే కష్టము. గోడకు పెట్టె బిగించినా, కరెంటు లేకనో, తెగిన తీగను అతికించేవారు లేకనో పడియున్న చోట్లు దేశములో ఎన్నో ఉన్నవి. బోరు వేయించి మోటారు కాలిపోతే పట్టించుకోని ఊరి సంగతి మనకు తెలియనిదా?

ఇంకొక మాట బాధతోనే వ్రాస్తున్నాము. పల్లెలలో మన సంఘములు అనేకము ఊరి చివర వాడలలో ఉన్నవి. నల్లా అయినా, వీధి దీపమైనా ఊరి నడుమ నుండి మొదలై వాడకు చేరేసరికి "ఈ ఏడు నిధులు అయిపోయినవి" అంటారు. తీగ విషయములోనూ అదే జరిగితే, 2020లో బడులు మూతపడి పాఠములు టీవీలలో, ఫోనులలో చెప్పిన దినములలో వెనుకబడిన పిల్లలే మరల వెనుకబడతారు.

ఇక్కడ నెహెమ్యా గ్రంథములోని సంగతి జ్ఞాపకము చేసుకుందాము. యెరూషలేము గోడలు కూలియుండగా నెహెమ్యా మొదట అర్తహషస్త రాజు యొద్ద సెలవు తీసుకొన్నాడు. రాజు అడవిలోని మ్రానులు ఇచ్చునట్లు ఆసాపునకు తాకీదు కూడ అడిగి తెచ్చుకొన్నాడు. ప్రభుత్వమును అడుగుట అవిశ్వాసము కాదని దీనివలన తెలియుచున్నది. కాని గోడ కట్టినది రాజు కాదు. కంసాలులు, వర్తకులు, షల్లూము కుమార్తెలు సహా జనులే కట్టిరి. అనేకులు తమ తమ యింటి యెదుటి భాగమును బాగుచేసిరి. పనికి మెడ వంచని తెకోవ పెద్దల సంగతియు అదే అధ్యాయములో వ్రాయబడినది.

నేడు ఆ తాకీదు మన చేతిలో ఉన్నది. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు స్థానమిచ్చినది. త్రాగునీరు, విద్యుత్తు పంపిణీ, సమాచార సాధనములు పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో ఉన్నవి. 2021–26 కాలమునకు 15వ ఆర్థిక సంఘము గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్లు సిఫారసు చేసినది. అందులో 60 శాతము నీటికి, పారిశుద్ధ్యమునకు కట్టుబడినది. మిగిలిన 40 శాతమును జీతములకు తప్ప ఊరి అక్కరను బట్టి ఖర్చు చేసుకొనవచ్చునని చెప్పినది. ఆ అక్కర ఏమిటో చెప్పవలసినది ఎవరు? గ్రామసభలో కూర్చున్నవారే. ఆనాడు మనము రాకపోతే మన వాడ పేరు కాగితము మీదికి రాదు.

జనులే పూనుకొంటే ఏమగునో చూడాలంటే దూరము పోనక్కరలేదు. సిరిసిల్లలో 1970 నుండి సహకార విద్యుత్ సరఫరా సంఘము, అందరూ 'సెస్' అనేది, ఊరూరికి కరెంటు ఇస్తున్నది. వాడుకునేవారే అందులో సభ్యులు, వారే పాలకవర్గమును ఎన్నుకుంటారు. అమెరికాలో 1936 చట్టము క్రింద అప్పు తీసుకొని రైతులు ఇట్టి సంఘములనే పెట్టుకొన్నారు. నేడు వాటిలో అనేకము అవే స్తంభముల మీద ఇంటర్నెట్ తీగను పొలముల మధ్య ఇండ్లకు చేరుస్తున్నవి.

కనుక మన సంఘములకు మా మనవి ఇది. గ్రామసభ ఎప్పుడో సర్పంచ్‌గారిని లేక పంచాయతీ కార్యదర్శిని అడిగి, ఆదివారపు ప్రకటనలలో చదవండి. స్త్రీల సమాజము వారు, యౌవనస్థులు కలిసి వెళ్లండి. భారత్ నెట్ పెట్టె మన పంచాయతీలో ఉన్నదా, పనిచేయుచున్నదా అని అడగండి. బడికి, వాడకు తీగ లాగించవలెనని వ్రాతమూలకముగా ఇచ్చి, తీర్మానములో వ్రాయించండి. ఊరి ప్రణాళిక, వచ్చిన ధనము, ఖర్చు ఈ-గ్రామస్వరాజ్‌లో ఎవరైనను చూడవచ్చును. చదువుకున్న పిల్లలచేత చూపించుకొనండి. పంచాయతీ పన్ను బాకీ ఉంచకండి, పన్ను కట్టినవాని ప్రశ్నకు బలముంటుంది. కోపముతో కాదు, ఓపికతో మరల మరల అడగండి.

తీగ వచ్చినంత మాత్రమున ఆశీర్వాదము రాదు. దానిలో నుండి చెడుగు కూడ ఇంటిలోనికి వస్తుంది, తల్లిదండ్రులు మెలకువగా ఉండవలసినదే. అయినను నీళ్లు, దీపము వలెనే ఇదియు నేడు బిడ్డల బ్రదుకుతెరువుకు అవసరమైనది.

మేకలు అమ్మిన ఆ తండ్రిని ప్రార్థనలో జ్ఞాపకము చేసుకొనండి. ప్రార్థన ముగించి లేచిన తరువాత మన ఇంటి ఎదుటి గోడ సంగతి చూద్దాము. అట్టి మనస్సు ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.