తెర నల్లబడితే టార్చి వెయ్యండి

లాప్‌టాప్ తెర నల్లబడినంత మాత్రాన లాప్‌టాప్ పోయినట్టు కాదు. ఈ ఒక్క మాట మా పల్నాడులో ఇంటింటికీ వెళ్ళి చెప్పాలని ఉంది. నరసరావుపేటలో ఇంజనీరింగ్ చదివే పిల్లలైనా, ఊరికొచ్చి ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునేవాళ్ళయినా, తెర ఆరిపోయిందంటే చుట్టూ చేరినవాళ్ళు అనే మాట ఒకటే: "మదర్‌బోర్డు కొట్టేసింది, కొత్తది కొనుక్కోవడమే." అప్పు చేసి కొన్న యంత్రాన్ని అంత తేలిగ్గా మూలన పడేస్తుంటే నాకు ప్రాణం ఒప్పదు.

నేను హైదరాబాదులో డీటీపీ చేస్తాను. బాబాయి కూతురి పెళ్ళికని ఎండాకాలంలో గురజాల వెళ్తూ, ప్రెస్సుకు పంపాల్సిన సావనీరు పని కూడా వెంట తీసుకెళ్ళాను. పెళ్ళింట్లో ఓ ఉదయం పవర్ బటన్ నొక్కితే ఫ్యాను తిరిగింది, విండోస్ మొదలైన చప్పుడు వినిపించింది, క్యాప్స్‌లాక్ నొక్కితే చిన్న దీపం వెలిగింది. తెర మాత్రం కటిక చీకటి.

"ఏమ్మా, పోయిందా?" అన్నాడు బాబాయి.

"లేదు బాబాయ్, లోపల నడుస్తానే ఉంది."

ఫ్యాను, చప్పుడు, దీపం ఉన్నాయంటే యంత్రానికి ప్రాణం ఉన్నట్టే. ఇక వెతకాల్సింది బొమ్మ కంటిదాకా వచ్చే దారిలోనే.

ముందు ఖర్చు లేనివి చూసుకోవాలి. కీబోర్డు మీద సూర్యుడి గుర్తున్న కీ నొక్కి వెలుతురు పెంచి చూడాలి. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే బొమ్మను నడిపించే డ్రైవరు మళ్ళీ మొదలవుతుంది, చిన్న బీప్ వినిపిస్తుంది. అయినా రాకపోతే ఆపేసి, చార్జరు పీకి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్ళీ వెయ్యాలి. లోపల నిలిచిపోయిన కరెంటు దిగిపోయి కొన్ని యంత్రాలు దీనితోనే లేస్తాయి.

చాలామందికి తెలియనిది అయస్కాంతం సంగతి. మూత వేసినట్టు లాప్‌టాప్‌కు తెలిసేది చాలా మోడళ్ళలో అంచున ఉన్న అయస్కాంతం వల్లే. మూత దగ్గరికి రాగానే కింది భాగంలోని సెన్సరు పసిగట్టి తెర ఆపేస్తుంది. మనం మణికట్లు ఆనించే చోట అయస్కాంతం ఉన్న ఫోను కవరు పెట్టినా, లాప్‌టాప్‌ను స్పీకరు మీద పెట్టినా, మూత వేశారనే అనుకుంటుంది. అక్కడి నుంచి తీస్తే తెర వస్తుంది.

నా లాప్‌టాప్ వీటిలో దేనికీ పలకలేదు. గది తలుపులు వేసి, ఫోను టార్చి తెరకు దగ్గరగా, ఏటవాలుగా పట్టుకున్నాను. నీడ కన్నా పలుచగా నా సావనీరు ఫోల్డరు పేరు కనిపించింది. బొమ్మ ఉంది, దాని వెనక దీపం లేదు.

ఎల్‌సీడీ తెరకు సొంత వెలుతురు ఉండదు. వెనక ఎల్ఈడీల వరస వెలుగుతుంటుంది. ముందున్న ద్రవ స్ఫటికాల పొర ఆ వెలుతురును ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో చూసుకుంటుంది. 1888లో ఫ్రెడరిక్ రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త, క్యారెట్ల నుంచి తీసిన కొలెస్టరాల్‌తో చేసిన ఒక పదార్థాన్ని వేడి చేస్తే, అది రెండుసార్లు కరిగినట్టు కనిపించింది. 145.5 డిగ్రీల దగ్గర మసకగా కరిగింది, 178.5 దగ్గర తేటపడింది. ఆ నడిమి స్థితే ద్రవ స్ఫటికం. 1968లో అమెరికాలో ఆర్‌సీఏ సంస్థ దాంతో తెరలు చేసి చూపించింది. ఈనాటికీ మనం చూస్తున్నది ఆ మసక పొరలోంచే. అందుకే దీపం ఆరినా బొమ్మ అక్కడే ఉంటుంది, టార్చికి దొరుకుతుంది. ఓఎల్ఈడీ తెరకు మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. అందులో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది.

తర్వాత మూతను మెల్లగా ముందుకీ వెనక్కీ వంచాను. సగం వాలిన చోట తెర మిణుక్కుమని వెలిగి ఆరింది. అంటే లోపం హింజి దగ్గర. బొమ్మనూ, దీపాలకు కరెంటునూ మోసుకెళ్ళే కేబుల్ ఆ హింజి పక్కగానే తెరలోకి ఎక్కుతుంది. మూత తెరిచిన ప్రతిసారీ అది వంగుతుంది, రాసుకుంటుంది. పెద్ద కంపెనీలకూ ఈ కష్టం తప్పలేదు. 2016లో వచ్చిన 13 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలలో కొన్నిటికి బ్యాక్‌లైట్ పోతోందని ఫిర్యాదులు వెల్లువెత్తితే, 2019 మేలో ఆపిల్ వాటిని ఉచితంగా బాగుచేస్తామని ప్రకటించింది. విప్పి చూసినవాళ్ళు తప్పుపట్టింది మూతతో పాటు వంగే ఆ పలుచని కేబుల్‌నే.

చివరి పరీక్ష టీవీ. సెట్‌టాప్ బాక్సు ఉన్న చాలా ఇళ్ళలో హెచ్‌డీఎంఐ వైరు ఉంటుంది. అది పీకి లాప్‌టాప్‌కు పెడితే మా బాబాయి వాళ్ళ హాల్లో సావనీరు ముఖచిత్రం గోడంత కనిపించింది. టీవీలో బొమ్మ శుభ్రంగా వచ్చిందంటే మదర్‌బోర్డూ, గ్రాఫిక్సూ బాగున్నట్టే లెక్క. లాప్‌టాప్ తెర మీద కనిపించే గీతలే టీవీలోనూ కనిపిస్తే అప్పుడు యంత్రాన్ని అనుమానించాలి. ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడానికి ఇదే అదను. అక్షరదోషాలు, వరసలు ఆ టీవీ మీదే చూసుకున్నాను. రంగుల జోలికి మాత్రం వెళ్ళలేదు. చాలా టీవీలు రంగులను ముదురు చేసి చూపిస్తాయి, ఆ రంగు నమ్మి ప్రెస్సుకు పంపకూడదు.

మా సీమ ఎండ గురించీ చెప్పాలి. గురజాల పక్కనే రెంటచింతల. ఎండాకాలం వస్తే ఉష్ణోగ్రతల వార్తల్లో దాని పేరు వినని తెలుగువాళ్ళు ఉండరు. చాలా కంపెనీలు తమ లాప్‌టాప్‌లను 35 డిగ్రీలు దాటని చోట వాడమంటాయి. మాకు మే నెలలో నీడలోనే అంతకు మించి ఉంటుంది. ఎండలో ఆపిన కారులో బ్యాగు వదిలేస్తే తెర మీద నల్లమచ్చ తేలవచ్చు. వేడికి స్ఫటికాలు వరస తప్పడమే అందుకు కారణం. కంగారుపడి నొక్కకుండా నీడలో చల్లారనివ్వాలి. ఇక చార్జరు పెట్టినప్పుడే తెర వణికి, పీకగానే కుదుటపడుతుంటే ఇంటి ఎర్త్ చూడాలి. చార్జర్లు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి కాబట్టి లోవోల్టేజీని తిట్టి లాభం లేదు. రాతి నేలలో ఎర్త్ గుంట వేసవికి ఎండిపోతుంది. అందులో బకెట్టుడు నీళ్ళు పోయించండి.

మర్నాడు పిడుగురాళ్ళ సున్నం బట్టీల మీదుగా నరసరావుపేట బస్సెక్కాను. 2022 ఏప్రిల్ 4 నుంచి పల్నాడు జిల్లా కేంద్రమైన ఆ ఊళ్ళో లాప్‌టాప్ బాగుచేసే దుకాణాలకు కొదవ లేదు. నా లాప్‌టాప్ పట్టుకున్న కుర్రాడు, "తెర మార్చాలక్కా" అన్నాడు. టార్చి సంగతీ, హింజి సంగతీ చెప్పేసరికి ఆగి, "అయితే కేబుల్ చూద్దాం" అన్నాడు. నేను మెచ్చుకున్నది ఆ తర్వాత చేసిన పని. కింది మూత విప్పగానే ముందు బ్యాటరీ కనెక్టరు పీకేశాడు. బ్యాటరీ తగిలి ఉండగా తెర కేబుల్‌ను వంకరగా గుచ్చితే బోర్డు మీది బ్యాక్‌లైట్ ఫ్యూజు కొట్టేస్తుంది, చిన్న రిపేరు కాస్తా పెద్దదవుతుంది. తర్వాత ప్లాస్టిక్ కార్డుతో తెర చుట్టూ ఉన్న చట్రం లేపాడు. హింజి మలుపు దగ్గర కేబుల్ నల్ల టేపు అరిగి, వెంట్రుక లాంటి తీగలు బయటపడ్డాయి. అందులో ఒకటి తెగి రాగి రంగు తేలింది. కేబుల్ మార్చాడు, తెర వెలిగింది. ప్యానెల్ మార్చి ఉంటే దానికి ఎన్నో రెట్లు అయ్యేది.

తెర మీద సిరా ఒలికినట్టు మరక పాకుతుంటే, మూత కదిపినా మారని నిలువు గీతలుంటే, ప్యానెల్ మార్చక తప్పదు. అప్పుడు లాప్‌టాప్ మోడలు చెబితే సరిపోదు. ఒకే మోడల్లో వేరువేరు ప్యానెళ్ళు వేస్తారు. ప్యానెల్ వెనక అంటించిన చీటీ మీది నంబరును, 30 పిన్నులా 40 పిన్నులా అన్నదీ కనిపించేలా ఫోటో తీసి, సికింద్రాబాదులో కంప్యూటర్ల బజారైన సీటీసీలోని దుకాణాలకు పంపితే సరైన సరుకు ఉందో లేదో చెబుతారు. ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్‌ను మాత్రం బయట విప్పించకండి, వాళ్ళ ఐటీ విభాగానికే ఫోను చెయ్యండి. వారంటీలో ఉన్నదాన్నీ అంతే. పగిలిన తెరకు మామూలు వారంటీ వర్తించదు. ప్రమాదాలకు విడిగా కొనుక్కున్న పథకం ఉంటేనే వర్తిస్తుంది.

డబ్బు ఇచ్చేముందు దుకాణంలోనే మూతను పూర్తిగా తెరిచీ మూసీ చూడండి. చార్జరు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి వెలిగించండి. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి.